వార్డులో ఎవరిని ఏమని పిలవాలి? చెన్నై ఆస్పత్రులకు వచ్చే మనవాళ్ల కోసం

నెల్లూరు జిల్లా నుంచి మా చుట్టాల్లో ఎవరు చెన్నై వచ్చి ఆస్పత్రిలో చేరినా నాకు ఫోన్ వస్తుంది. ఇక్కడ ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను కదా, అందుకు. వాళ్లు రోగం గురించి పెద్దగా అడగరు. "ఎవర్ని పిలిచినా పలకడం లేదమ్మా" అంటారు. నేను ముందు అడిగేది ఒకటే: "ఏమని పిలిచావు?"

సగం మంది తప్పు మనిషిని పిలిచి ఉంటారు. మిగతావాళ్లు సరైన మనిషినే పిలిచి ఉంటారు గానీ, పిలిచిన మాట తప్పు. ఒక్కొక్కళ్లకీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

మొదట మిమ్మల్ని ఏమంటారో తెలుసుకోండి. ఇది మా పెదనాన్న పుణ్యమా అని నేర్చుకున్నది. ఆయన డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యారు. పెద్దమ్మకి ఆపరేషన్. ఆ పొద్దున మైకులో "బెడ్ నంబర్ పన్నెండు, పేషంట్ అటెండర్ నర్సింగ్ స్టేషన్‌కి రావాలి" అని మూడుసార్లు పిలిచారు. పెదనాన్న పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. ఆయన సర్వీసంతా అటెండర్ అంటే ఫైళ్లు మోసి టీ తెచ్చే మనిషి. "వాళ్ల అటెండర్నెవర్నో పిలుచుకుంటున్నార్లే అనుకున్నా" అన్నారు తర్వాత. అవతల సంతకం లేక ఆపరేషన్ గంట ఆలస్యమైంది. చెన్నై ఆస్పత్రుల్లో అటెండర్ అంటే రోగితో పాటు ఉండే బంధువు. అది మీరే. పిలిస్తే లేచి వెళ్లండి, పరువు పోదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏం తెలియకపోయినా "సిస్టర్" అంటే చాలు. ప్రభుత్వాస్పత్రి అయినా కార్పొరేట్ ఆస్పత్రి అయినా, ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లయినా యాభై ఏళ్లయినా ఈ మాట నప్పుతుంది. యూరప్‌లో ఒకప్పుడు రోగులను చూసుకున్నది క్రైస్తవ సన్యాసినులు. వాళ్లను సిస్టర్ అనేవారు. ఇంగ్లండు ఆస్పత్రుల్లో అది వార్డు మొత్తానికి పెద్దగా ఉండే నర్సు హోదా పేరు అయింది, అక్కడ ఇప్పటికీ అంతే. మన దగ్గరికి వచ్చేసరికి అందరూ సిస్టర్లే. నాకు ఇష్టమైన పిలుపు కూడా ఇదే. మనవాళ్ల నోట "సిస్టరూ" అని చివర సాగుతుందే, అది ఇంకా బాగుంటుంది.

వద్దన్నవి కూడా చెప్తాను. చప్పట్లు కొట్టి పిలవద్దు. "హలో" అనొద్దు. "నర్స్!" అని పొడిగా అరిస్తే, మీ ఉద్దేశం ఏదైనా సరే, హోటల్లో సర్వర్ని పిలిచినట్టు వినిపిస్తుంది. "మేడమ్" తప్పేం కాదు గానీ వార్డులో అది డాక్టరమ్మకి వెళ్లిపోతుంది. మీరు మేడమ్ అని పిలిస్తే డ్యూటీ డాక్టరు తిరిగి చూస్తుంది, సిస్టర్ తన పని తాను చేసుకుపోతుంది. ఇక "ఏమ్మా". పెద్దవాళ్లు ఆప్యాయంగా అంటే మాకు బాధ లేదు. పాతికేళ్ల కుర్రాడు ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

మగ నర్సుని "బ్రదర్" అనాలి. మగవాడు కనిపించగానే వార్డుబాయ్ అనుకుని బెడ్‌పాన్ తెమ్మనేవాళ్లు మనలో చాలామంది. నాతో పనిచేసే ఒక బ్రదర్ బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివాడు. ఐసీయూలో వెంటిలేటర్ అలారం మోగితే అందరికంటే ముందు చెయ్యి వేసేది అతనే. అతన్ని "ఏయ్ తంబీ, బకెట్టు తీసుకురా" అన్నారు ఒకాయన. తెచ్చాడు పాపం, ఏమీ అనకుండా. అదే కేరళ అబ్బాయి అయితే "చేట్టా" అన్నా, కేరళ అమ్మాయి అయితే "చేచ్చీ" అన్నా సంతోషిస్తారు. చేచ్చి అంటే మలయాళంలో అక్క. చెన్నై వార్డుల్లో మలయాళీలు చాలామంది ఉంటారు కాబట్టి ఈ రెండు మాటలు నేర్చుకుంటే ఊరికే పోవు.

సరే, పిలవడం వచ్చింది. ఎవరిని పిలవాలి?

యూనిఫాం రంగును నమ్ముకోవద్దు. ఒక ఆస్పత్రిలో నీలం నర్సులది, ఇంకో దాంట్లో అదే నీలం హౌస్‌కీపింగ్ వాళ్లది. మెడలో వేలాడే కార్డు చదవండి. "స్టాఫ్ నర్స్" అని ఉంటే మందులు, ఇంజక్షన్లు, సెలైన్, కట్లు ఆమెవి. మాలో మేం "స్టాఫ్" అనే అంటాం: "స్టాఫ్‌ని పిలువు", "ఈ బెడ్ ఏ స్టాఫ్?" అని. కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇదే ఉద్యోగాన్ని "నర్సింగ్ ఆఫీసర్" అంటున్నారు. వార్డు మొత్తాన్ని చూసుకునేది "ఇన్‌ఛార్జ్ సిస్టర్". అందరి మీదా ఉండేది నర్సింగ్ సూపరింటెండెంట్, పాతకాలం వాళ్ల నోట మేట్రన్. చిన్న విషయానికి మేట్రన్ దాకా వెళ్లకండి. ఇన్‌ఛార్జ్‌కి చెప్తే పది నిమిషాల్లో తేలే పని పైకి వెళ్తే కాగితమై కూర్చుంటుంది.

స్టూడెంట్ నర్సులు గుంపులుగా వస్తారు, చేతిలో చిన్న నోటుబుక్కు ఉంటుంది. బీపీ, జ్వరం చూస్తారు, ఓపికగా మాట్లాడతారు. మందు గురించిన ప్రశ్న మాత్రం వాళ్లను అడగొద్దు, స్టాఫ్‌నే అడగండి. తెలియకపోయినా పాపం ఏదో ఒకటి చెప్పేస్తారు. నేనూ ఆ వయసులో చెప్పినదాన్నే.

బెడ్‌పాన్, దుప్పటి మార్చడం, వీల్‌చైర్, వాంతి తుడవడం ఆయాల పని. పోర్చుగీసువాళ్లు పిల్లల్ని చూసుకునే మనిషిని "ఐయా" అనేవారు, ఆ మాటే మనకి ఆయా అయింది. ఇక్కడ ఒక చిక్కుంది. తమిళంలో ఆయా అంటే ముసలవ్వ కూడా. నలభై ఏళ్ల మనిషిని పట్టుకుని ఆయా అంటే ముఖం ముడుచుకుంటుంది. కార్డు మీద జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్) అనో హౌస్‌కీపింగ్ అనో రాసి ఉంటుంది గానీ, మీరు "అక్కా" అనండి. తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే మాట, పని కూడా త్వరగా అవుతుంది.

వేళ కూడా చూసుకోండి. పొద్దున ఏడెనిమిది మధ్య, మధ్యాహ్నం రెండు ప్రాంతంలో, రాత్రి మళ్లీ ఏడెనిమిదికి డ్యూటీ మారుతుంది. అప్పుడు మంచం మంచం దగ్గరా ఆగి ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. మందుల ట్రాలీ తోసుకొస్తున్న సిస్టర్‌ని కూడా మధ్యలో ఆపకండి. లెక్క తప్పేది అలాంటప్పుడే. "మీది ఏ ఊరు సిస్టర్?" అని తర్వాత తీరిగ్గా అడగండి, చిత్తూరో సూళ్లూరుపేటో అయ్యే అవకాశం బోలెడు. ఊపిరి అందకపోయినా, స్పృహ తప్పినా, రక్తం కారుతున్నా మాత్రం వేళ చూడొద్దు. బెల్లు నొక్కండి, "సిస్టర్, ఎమర్జెన్సీ" అని గట్టిగా అరవండి.

ప్రభుత్వాస్పత్రిలో బోర్డులు తమిళంలో ఉంటాయి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాస్పత్రిని ఇక్కడ అందరూ జీహెచ్ అంటారు. 1664లో సెయింట్ జార్జ్ కోటలో సిపాయిల కోసం చిన్నగా మొదలైంది అది. 1871లో అక్కడ నర్సుల శిక్షణ బడి పెట్టారని మా పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. అక్కడ మీరు వెతకాల్సిన మాట "సెవిలియర్". తమిళంలో నర్సుకి అధికారికంగా అదే పేరు, ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తుంది. "సెవిలియర్ ఎంగే?" అంటే చూపిస్తారు. మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్లు కూడా సిస్టర్ అనే అంటారు.

ఈ సెవిలియర్ అనేది పాత మాట. సంగం కాలపు ప్రేమ కవితల్లో నాయికని పెంచిన తల్లిని సెవిలి అంటారు. ఆ సెవిలి కూతురే నాయికకి తోళి, అంటే చెలికత్తె. కన్నతల్లి కాకపోయినా కనిపెట్టుకుని ఉండే మనిషి అన్నమాట. మనవాళ్లకి గుర్తుండటానికి నేనొక చిట్కా చెప్తుంటాను: తమిళంలో సెవి అంటే చెవి. ఆ మాట పుట్టింది చెవిలోంచి అని కాదు, ఊరికే గుర్తుకోసం. ఊళ్లల్లో తిరిగే మన ఏఎన్ఎంకి తమిళనాడులో పేరు విలేజ్ హెల్త్ నర్స్. కాబట్టి "మా ఏఎన్ఎం ఈ చీటీ రాసిచ్చింది" అంటే ఇక్కడి కొత్త పిల్లలకి వెంటనే అర్థం కాదు.

తమిళం మనకి దగ్గరి భాష అని ధైర్యం. ఆ దగ్గరతనంతోనే ప్రమాదం. ఒక రాత్రి జరిగింది చెప్తాను. మా వైపు నుంచి వచ్చిన పెద్దాయనకి రక్తం ఎక్కిస్తున్నారు. ఎక్కించడం మొదలై పావుగంట అయిందేమో. ఆయన "చలి... చలి..." అంటున్నాడు. ఆ బెడ్ చూస్తున్న అమ్మాయి కొత్తగా చేరింది, తమిళమ్మాయి. తమిళంలో "సళి" అంటే కఫం, జలుబు. "సళియా తాతా? దగ్గుందా?" అని వీపు మీద తట్టి, ఆవిరి పట్టే మిషన్ తేవడానికి వెళ్తోంది. నేను పక్క వరసలో ఉన్నాను. తెలుగు మాట చెవిన పడి వెనక్కి తిరిగాను. పెద్దాయన గడ్డం వణుకుతోంది, పళ్లు టకటకమంటున్నాయి. రక్తం ఎక్కేటప్పుడు చలి పుట్టిందంటే పడలేదేమోనని అనుమానించి ముందు ఆపాలి. పరుగున వెళ్లి ట్యూబుకున్న చక్రం తిప్పి రక్తం ఆపేశాను. డాక్టర్ని పిలిచాం. ఆయన తేరుకున్నాడు. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆమె విన్నది విన్నట్టే చేసింది.

కాబట్టి చలిగా ఉంటే "కుళురుదు" అనండి. ఇలాంటిదే ఇంకోటి: "మూచ్చు" అంటే తమిళంలో ఊపిరి. మీరు కంగారులో మూర్ఛ అంటే అవతలి మనిషి ఆక్సిజన్ వైపు చూస్తుంది. "ఫిట్స్" అనండి, అది ఎక్కడైనా ఒకటే. నొప్పికి "వలి" అనండి. "మయక్కం" అంటే కళ్లు తిరగడం, మన మైకం కాదు. "పెద్దాయనకి మయక్కమా?" అని సిస్టర్ అడిగితే తాగొచ్చాడా అని అడుగుతోందనుకుని కొట్లాటకి దిగిన కొడుకుని చూశాను. ఇవేవీ నోరు తిరగకపోతే చెయ్యి పెట్టి చూపించండి, ఎప్పట్నుంచో వేళ్ల మీద చెప్పండి. మంచి నర్సు దానితోనే సగం పట్టేస్తుంది.

ఇక మన తెలుగు మాటలు. ఇవి ఎక్కడ వాడాలో తెలియక కొందరు తికమక పడుతుంటారు, ముఖ్యంగా ఆస్పత్రిలో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చినప్పుడు. "నర్సమ్మ" ఊళ్లో మాట. మా అమ్మమ్మ తరానికి సూది వేసే ఏ ఆడమనిషైనా నర్సమ్మే. మా వైపు నరసింహస్వామి పేరున నర్సమ్మలు వీధికొకరు ఉంటారు కాబట్టి, "నర్సమ్మ వచ్చింది" అంటే ఏ నర్సమ్మ అని అడగాల్సి వచ్చేది. పిలుపుగా నాకు ముద్దుగానే ఉంటుంది, కాగితం మీద రాయొద్దు. "దాది" పుస్తకాల మాట. సంస్కృతంలో ధాత్రి, అంటే పాలిచ్చి పెంచేది. భూమినీ ధాత్రి అంటారు. కన్నడంలో నర్సుని ఇప్పటికీ దాది అంటారు, సింగపూరు తమిళులు తాది అంటారు. మనకి మాత్రం వాడుక పోయింది. ఇప్పుడు దాది అంటే టీవీ సీరియళ్లు చూసే పిల్లలు హిందీ నానమ్మ అనుకుంటారు. "మంత్రసాని" పురుళ్లు పోసే ఊరి మనిషి. లేబర్ రూమ్ సిస్టర్‌ని మంత్రసాని అనకండి. మా సీనియర్ ఒకావిడ మాత్రం, డబుల్ డ్యూటీ పడ్డప్పుడల్లా "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి" అని తనే నవ్వేది.

"పరిచారిక" అని రాస్తే మర్యాదగా ఉంటుందనుకుంటారు. చదివేవాళ్లకి పనిమనిషి గుర్తొస్తుంది. "నర్సు" అని రాయండి, చక్కగా ఉంటుంది. చేసిన పనికి మాత్రం "శుశ్రూష" అన్న మాట వాడండి. అందులో నాకొక మురిపెం ఉంది. ఆ మాటకి మొదటి అర్థం వినాలనే కోరిక. వినడం నుంచి సేవ అనే అర్థం తర్వాత వచ్చింది. చరకుడు వైద్యానికి నాలుగు కాళ్లు చెప్పాడు: వైద్యుడు, మందు, రోగి, ఉపస్థాత. ఉపస్థాత అంటే దగ్గర నిలబడి ఉండేవాడు. అతనికి ఉపచారం తెలిసుండాలి, నేర్పు ఉండాలి, ప్రేమ ఉండాలి, శుభ్రత ఉండాలి అన్నాడు. మా ఇంటర్వ్యూల్లో ఇంకా ఇవే అడుగుతారు, ఇంగ్లీషులో.

కాగితాల మీద కనిపించే మాటలు కొన్ని చెప్పి ముగించాలి. ఇంగ్లీషు నర్సుకి కూడా మొదటి అర్థం పాలిచ్చే దాది అనే, లాటిన్‌లో పోషించడం అనే మాట నుంచి వచ్చింది. అందుకే మందుల చీటీలో "నర్సింగ్ మదర్స్" వాడకూడదని ఉంటే పాలిచ్చే తల్లులు అని అర్థం. "మీ అమ్మగారు ఈ మాత్ర ఎందుకు వేసుకోకూడదు సిస్టర్?" అని నన్నొకాయన నిజంగా అడిగాడు. బిల్లులో "నర్సింగ్ ఛార్జీలు" రోజుకింత అని పడేది ఆస్పత్రికి వెళ్తుంది, మాకు ఇచ్చే బహుమానం కాదు. విడిగా మా చేతిలో డబ్బు పెట్టకండి. అంతగా అనిపిస్తే డిశ్చార్జి రోజు నర్సింగ్ స్టేషన్ దగ్గర అందరికీ కలిపి ఒక స్వీట్ బాక్సు చాలు. నర్సింగ్ హోమ్ అంటే మనకి చిన్న ప్రైవేటు ఆస్పత్రి. లండన్‌లో ఉన్న మీ అబ్బాయితో "అమ్మని నర్సింగ్ హోమ్‌లో చేర్చాం" అంటే మాత్రం వృద్ధుల ఆశ్రమంలో వదిలేశారనుకుని గుండె బాదుకుంటాడు.

అన్నిటికంటే జాగ్రత్తపడాల్సిన మాట "హోమ్ నర్స్". ఈ పేరుతో ఏజెన్సీలు పంపేవాళ్లలో చాలామంది నర్సులు కారు, కేర్‌టేకర్లు. స్నానం చేయించడం, తినిపించడం, పక్క తిప్పి పడుకోబెట్టడం వాళ్లు బాగానే చేస్తారు, దానికి వాళ్లు చాలు. ఇంజక్షన్, ముక్కులో గొట్టం, యూరిన్ గొట్టం మార్చడం ఉంటే నిజమైన నర్సే కావాలి. మొహమాటం లేకుండా రెండు ప్రశ్నలు అడగండి. ఏం చదివావు? ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? ఇక్కడ అది తమిళనాడు నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్ ఇస్తుంది. నర్సు అయితే నంబరు చెప్తుంది. కాకపోతే ఏజెన్సీకి ఫోన్ చేయమంటుంది.

మా పిన్ని ఇంట్లో ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగలేదు. పెరంబూరులో ఇల్లు, బాబాయికి షుగరు, పూటకి 20 యూనిట్ల ఇన్సులిన్. ఏజెన్సీ నర్సు అని పంపిన అమ్మాయి వారం రోజులు టంచనుగా ఇచ్చింది. అయినా షుగరు నాలుగు వందలు దాటింది. ఆదివారం నేను వెళ్లి ఫ్రిజ్ తలుపు తీస్తే, సీసా మీద మిల్లీలీటరుకి 40 యూనిట్లు అని ఉంది. పక్కన సిరంజిల మూతలు నారింజ రంగువి, అంటే 100 యూనిట్ల ఇన్సులిన్‌కి వాడేవి. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే ఈ సీసాలోంచి వచ్చేది 8 యూనిట్లే. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి వాడాలి. ఆ అమ్మాయికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. అడిగితే ఏడ్చింది, పదో తరగతి చదివి పది రోజుల శిక్షణతో వచ్చిందట.

కింది మెడికల్ షాపు నుంచి ఎర్ర మూతవి తెచ్చాను. ఒక మూత తీసి, సీసా ఖాళీ అట్టపెట్టె ముక్కతో కలిపి ఫ్రిజ్ తలుపుకి టేపు వేసి అంటించాను. బాబాయి డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆ అమ్మాయిని పిన్ని మాన్పించలేదు. స్నానానికీ తిండికీ ఆమే ఉంది, సూదికి మాత్రం పక్క వీధిలో ఉండే సిస్టర్ వచ్చి వెళ్తోంది.